ఐనోలాకు వెళ్ళే ముందు: సిబేలియస్ ఇంటి గురించి ఒక సమాధానం

కావలి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమె కుమారుడు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జూన్‌లో భార్యాభర్తలిద్దరూ అతని దగ్గరికి వెళ్తున్నారు. అక్కడికి దగ్గరలోనే సిబేలియస్ అనే స్వరకర్త నివసించిన ఐనోలా అనే ఇల్లు ఉందనీ, దాన్ని చూసి తీరాలనీ కోడలు పట్టుబడుతోందట. తాను చిన్నప్పుడు పదేళ్ళపాటు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాననీ, పాశ్చాత్య సంగీతంతో బొత్తిగా పరిచయం లేదనీ, భర్తకు మోకాళ్ళ నొప్పులనీ రాశారు. ఉన్న కొద్ది రోజుల్లో ఒక పూట ఆ ఇంటికి కేటాయించడం తగినదేనా, వెళ్తే ఏమేమి చూడాలి, అక్కడ కూర్చుని ఒక కీర్తన పాడుకోవచ్చా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, నేను నెల్లూరు మూలాపేటలో ముప్పై ఏళ్ళకు పైగా వయొలిన్ నేర్పుతున్నాను. మా పెద్దమ్మాయి కాపురం కొన్నేళ్ళు హెల్సింకిలో ఉండడం వల్ల ఐనోలాను రెండుసార్లు చూశాను. తప్పకుండా వెళ్ళండి, అయితే ఒక పూట చాలదు, పూర్తిగా ఒక రోజు పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యంగా, బయలుదేరే ముందు కావలిలో మీ ఇంట్లోనే ఒక వారం రోజులు ఆ సంగీతం విని వెళ్ళండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా మొదటి ప్రయాణమే కారణం.

మొదటిసారి ఆగస్టు చివరలో మా ఇంటావిడతో కలిసి వెళ్ళాను. ఉదయమంతా హెల్సింకి బజార్లలో తిరిగి, మూసే వేళకు ముప్పావుగంట ముందు అక్కడికి చేరుకున్నాము. ఆ ముప్పావుగంటా ఫోన్లో ఫొటోలు తీసుకోవడంతోనే గడిచిపోయింది. నెల్లూరుకు తిరిగివచ్చాక మా మనవరాలు, ఆ ఇంట్లో పొయ్యి ఏ రంగులో ఉంది తాతయ్యా అని అడిగితే, ఫొటో తెరిచి చూసి చెప్పవలసి వచ్చింది. ఎదురుగా నిలబడి చూసిన వస్తువు నా మనసులో లేదని అప్పుడు తెలిసి నాకు చాలా బాధ కలిగింది. రెండోసారి మే నెలలో ఒంటరిగా వెళ్ళి, తలుపులు తెరిచిన వేళ నుంచి మూసే దాకా అక్కడే ఉన్నాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండో రోజు పుణ్యమే.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు. జాన్ సిబేలియస్ 1865లో హామీన్‌లిన్నా అనే ఊళ్ళో పుట్టారు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1899లో మొదలై మరుసటి ఏడాదికి ఇప్పటి రూపానికి వచ్చిన ఫిన్లాండియా అనే ఆయన రచన ఆ దేశప్రజల స్వాతంత్ర్య కాంక్షకు గొంతు అయింది. ఏడు సింఫొనీలు (పెద్ద వాద్యబృందం కోసం రాసే దీర్ఘ రచనలు), ఒక వయొలిన్ కంచెర్టో (ఒంటరి వయొలిన్ ముందుండి వాద్యబృందంతో కలిసి వాయించే రచన), ఫిన్నిష్ పురాణగాథల మీద అల్లిన వాద్యరచనలు ఆయన కీర్తికి మూలాలు. చిన్నతనంలో ఆయన కోరిక వయొలిన్ విద్వాంసుడు కావాలని. 1891లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంలో చేరడానికి పరీక్షకు వెళ్ళి నెగ్గలేకపోయారు. వయొలిన్ పట్టిన చేతులకు ఆ సంగతి ఎంత బరువో తెలుస్తుంది. తాను వాయించలేకపోయిన సంగీతమంతా తర్వాత ఆ కంచెర్టోలో రాశారేమో అని నాకు అనిపిస్తుంది. ఈ ఇంట్లోకి వచ్చిన మరుసటి ఏడాది, అంటే 1905లో, దాన్ని తిరగరాస్తే బెర్లిన్‌లో రిచర్డ్ స్ట్రాస్ అనే జర్మన్ స్వరకర్త నిర్వహణలో తొలిసారి వినిపించారు. ఈనాడు లోకమంతా వాయిస్తున్నది ఆ రెండో పాఠాన్నే.

హెల్సింకిలో స్నేహితుల విందులూ మద్యమూ అప్పులూ ఆయన పనిని మింగేస్తున్న రోజుల్లో, ఊరికి దూరంగా వెళ్ళిపోవాలని దంపతులు నిశ్చయించుకున్నారు. రాజధానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, యార్వెన్‌పా దగ్గర, టూసులా సరస్సు పక్కన స్థలం కొన్నారు. లార్స్ సోంక్ అనే వాస్తుశిల్పి దుంగలతో ఇల్లు కట్టే నమూనా గీశారు. 1904 సెప్టెంబరు 24న కుటుంబం అందులోకి మారింది. భార్య పేరు ఐనో. ఫిన్నిష్ భాషలో పేరు చివర ‘లా’ చేరిస్తే ఫలానావారి చోటు అని అర్థం వస్తుంది కనుక ఐనోలా అంటే ఐనో గారి ఇల్లు. పేరు మోసిన మగవారి ఇళ్ళకు వారి పేర్లే ఉండే లోకంలో, ఈ ఇంటికి ఇల్లాలి పేరు ఉండడం నాకు ఎంతో నచ్చింది. లోపలికి వెళ్ళాక ఆ పేరు ఎంత న్యాయమైనదో మీకే తెలుస్తుంది.

ఇల్లు కట్టేటప్పుడు సిబేలియస్ వాస్తుశిల్పిని రెండే రెండు కోరారు. ఒకటి, ఇంట్లో నుంచి సరస్సు కనిపించాలి. రెండు, భోజనాల గదిలో చలి కాచుకునే గోడపొయ్యి ఆకుపచ్చగా ఉండాలి. ఇప్పుడు చెట్లు బాగా ఎదిగాయి కనుక మొదటి కోరికను మీరు కళ్ళతో చూడలేకపోవచ్చు. కంభం చెరువు గట్టు మీద నిలబడితే కనిపించినట్లు నీటి పరుపు కళ్ళ నిండా కనిపిస్తుందని ఊహించుకుని వెళ్ళవద్దు. రెండో కోరిక మాత్రం గదిలోకి అడుగు పెట్టగానే ఎదురవుతుంది.

ఆ పొయ్యి దగ్గర కనీసం పావుగంట నిలబడండి. నిగనిగలాడే పెద్ద పెద్ద పెంకులతో గోడ ఎత్తున పేర్చిన పొయ్యి అది. దుంగల గోడల గోధుమరంగు మధ్య ఆ ఆకుపచ్చ ఒక్కటే తడిగా ఉన్నట్లు కనిపిస్తుంది. సిబేలియస్‌కు స్వరాలు రంగులుగా కనిపించేవి, రంగులు స్వరాలుగా వినిపించేవి. ఈ ఆకుపచ్చ ఆయనకు ఎఫ్ మేజర్ అనే పాశ్చాత్య స్వరశ్రేణిగా వినిపించేదని అంటారు. మన సంప్రదాయంలోనూ సంగీతరత్నాకరం అనే పాత శాస్త్రగ్రంథం సప్తస్వరాలకు వర్ణాలు చెప్పింది కనుక ఈ మాట మీకు వింతగా తోచదు. ఆ కాలపు కరెంటు లేని చలికాలపు రాత్రులలో, మధ్యాహ్నం మూడింటికే పొద్దు గుంకే దేశంలో, ఆ పొయ్యి చుట్టూ ఇల్లంతా చేరేది.

ఆ పొయ్యికి ఇంకొక కథ ఉంది. 1924లో ఏడో సింఫొనీ, 1926లో టాపియోలా అనే వాద్యరచన పూర్తయ్యాక, ఆయన ఎనిమిదో సింఫొనీ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. లోకమంతా ఎదురుచూసింది, ప్రఖ్యాత వాద్యబృంద నిర్వాహకులు ఉత్తరాలు రాశారు. అది రాలేదు. 1940లలో ఒక రోజు ఆయన బట్టలబుట్టలో తన రాతప్రతులను పోగుచేసి తెచ్చి, ఈ భోజనాల గది పొయ్యిలోనే కాల్చివేశారనీ, ఆ దృశ్యాన్ని చూస్తూ నిలబడే శక్తి లేక తాను గది విడిచి వెళ్ళాననీ, ఆ తర్వాత భర్త మనసు తేలికపడి ప్రశాంతంగా కనిపించారనీ ఐనో గారు తరువాతి కాలంలో చెప్పారు. ఎనిమిదో సింఫొనీ కూడా ఆ మంటలోనే పోయిందని పరిశోధకులు భావిస్తారు. నేను మొదటిసారి ఈ పొయ్యిని ఫొటో తీసి ముందుకు సాగిపోయాను. రెండోసారి అక్కడ నిలబడి, మా గురువుగారు రాసిన స్వరపుస్తకాలలో ఒక కాగితం చిరిగినా నేను ఎంత విలవిలలాడతానో గుర్తు చేసుకున్నాను. తనకు తృప్తినివ్వని రచన తన పేరుతో మిగలకూడదని ఇరవై ఏళ్ళ శ్రమను నిప్పుకు ఇచ్చిన మనిషి కాఠిన్యం నాకు సగమే అర్థమైంది.

ఇక నిశ్శబ్దం. ఐనోలాలో చూడవలసిన వస్తువు ఏదని నన్ను అడిగితే, లేని వస్తువు ఒకటి చెబుతాను: నీళ్ళ పైపులు. పైపులలో నీళ్ళు పారే చప్పుడు తన పనికి అడ్డం వస్తుందని సిబేలియస్ బతికున్నంత కాలం ఇంట్లో కుళాయిలు పెట్టనివ్వలేదు. నీళ్ళు బావి నుంచి చేది మోసుకురావలసిందే. ఆయన పోయాకే ఆ సదుపాయం వచ్చింది. ఆ దంపతులకు ఆరుగురు కూతుళ్ళు పుట్టారు. వారిలో కిర్‌స్టీ అనే పాప ఈ ఇంటికి రాకముందే 1900లో జ్వరంతో పోయింది. మిగిలిన ఐదుగురూ నాన్న పనిలో ఉన్నప్పుడు అలికిడి చేయకుండా పెరిగారు. సిబేలియస్ పియానో ముందు కూర్చుని మెట్లు వెతుక్కునే రకం కాదు. సంగీతం మొత్తం తలలోనే కట్టి, తరువాత కాగితం మీద పెట్టేవారు. అందువల్ల పక్క గదిలో చిన్న చప్పుడైనా ఆయనకు రాతలో పడిన సిరామరక లాంటిది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన పుట్టి, పొరుగింటి బోరు మోటారు మొదలు కాకముందే సాధన ముగించాలని తెల్లవారుజామున నాలుగింటికి లేచే నాకు, చెవి కోసం ఇంత త్యాగం చేసిన ఇల్లు మరొకటి తెలియదు. ఆ త్యాగంలో పెద్ద వాటా బిందెలు మోసినవారిదేనని కూడా చెప్పాలి.

అందుకే ఐనో గారి జాడలను విడిగా వెతికి చూడండి. వంటగది చూడండి. పెరట్లో ఆవిరిస్నానపు గది చూడండి. ఆ చిన్న దుంగల కట్టడానికి నమూనా గీసినది ఆమే. తోటలో కూరగాయలూ పండ్లూ పండించి ఇంటిని నడిపినది ఆమే. పిల్లలకు చాలా ఏళ్ళు ఇంట్లోనే చదువు చెప్పినదీ ఆమే. ఆయన అప్పులు 1920లు చివరికి వచ్చేదాకా తీరలేదు. ఆ కాలమంతా ఇల్లు నిలిచింది ఆ తోట మీదనే అంటే అతిశయోక్తి కాదు. 1957 సెప్టెంబరు 20న, 91 ఏళ్ళ వయసులో, సిబేలియస్ ఈ ఇంట్లోనే కన్ను మూశారు. ఆ సాయంత్రం హెల్సింకిలో మాల్కం సార్జెంట్ నిర్వహణలో ఆయన ఐదో సింఫొనీ కచేరీ జరుగుతూ ఉంది. ఐనో గారు మరో పన్నెండేళ్ళు ఇక్కడే ఉండి 1969లో వెళ్ళిపోయారు. 1972లో కూతుళ్ళు ఇంటిని ప్రభుత్వానికి అమ్మారు. 1974 నుంచి అది అందరూ చూసే ఇల్లు అయింది. వాళ్ళు సామాను పంచుకుని గోడలు మాత్రమే అప్పగించి ఉంటే, నేను ఇంత రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

లోపల మేము చూసినది కింది అంతస్తు మాత్రమే. మేడగదులను 1911లో పూర్తి చేశారు, ఆయన చాలాకాలం అక్కడే రాసుకున్నారు. వృద్ధాప్యంలో కిందికి మారారు. హాల్లో స్టైన్‌వే గ్రాండ్ పియానో ఉంటుంది. 1915లో ఆయన యాభయ్యో పుట్టినరోజుకు స్నేహితులూ అభిమానులూ చందాలు వేసుకుని ఇచ్చిన కానుక అది. గోడల మీద ఆ కాలపు ఫిన్నిష్ చిత్రకారుల పటాలు ఉంటాయి. పుస్తకాల గది, రాతబల్ల, రేడియో ఉన్నాయి. రేడియోను తేలికగా తీసుకోవద్దు: చివరి ముప్పై ఏళ్ళు కొత్తగా దాదాపు ఏమీ ప్రకటించని ఆ మనిషి, దూరదేశాల వాద్యబృందాలు తన రచనలను వాయిస్తుంటే రేడియోకు చెవి ఆనించి వినేవారు. గదులు చిన్నవి, ఒక్కొక్క దాన్ని రెండు నిమిషాల్లో చూసి బయటపడవచ్చు. ఆ తొందర పడకండి. జనం కొంత పలుచబడే దాకా ఒక పక్కన నిలబడి, దుంగల మధ్య గాలి ఎలా మసలుతుందో, అడుగు వేస్తే చెక్క ఎంత పలుకుతుందో వినండి.

హంసల సంగతి మీకు తప్పక చెప్పాలి. 1915 ఏప్రిల్ 21న సిబేలియస్ ఇంటి చుట్టుపక్కల నడుస్తుండగా పదహారు హంసలు తల మీదుగా ఎగిరి, చాలాసేపు చుట్టూ తిరిగి, ఎండ మసకలో వెండిపట్టీలా కరిగిపోయాయి. తన జీవితంలోని గొప్ప అనుభవాలలో అది ఒకటని ఆయన దినచర్యలో రాసుకున్నారు. వాటి కూతను గురించీ, అందులోని స్వరాలను గురించీ రాసుకున్నారు. ఆ రోజుల్లో ఆయన ఐదో సింఫొనీ రాస్తున్నారు. చివరి భాగంలో ఫ్రెంచ్ హార్న్‌లనే ఇత్తడి ఊదుడు వాద్యాలు ఊగుతున్నట్లు పలికే గొప్ప పల్లవికి హంసల పల్లవి అనే పేరు నిలిచిపోయింది. చదివితే ఇది కవిత్వంలా ఉంటుంది గానీ, మన జిల్లాలో పుట్టినవారికి కళ్ళకు కట్టే విషయం. ఒక జనవరిలో నా శిష్యులను పులికాట్ సరస్సుకు తీసుకువెళ్ళాను. రాజహంసలు (ఫ్లెమింగోలు) లోతు తక్కువ నీళ్ళలో బారులు తీరి నిలబడి ఉన్నాయి. ఏదో అలికిడికి ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింద దాగిన ఎరుపు ఆకాశంలో ఒక అంచున పుట్టి రెండో అంచుదాకా పాకింది, ఆ వెనుక కొన్ని క్షణాలకు కూత వినిపించింది. పిల్లలెవరూ మాట్లాడలేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు కడప చెట్ల మీద కట్టిన గూళ్ళ కింద నిలబడినా అంతే, కళ్ళకన్నా ముందు చెవులు పనిచేస్తాయి. మీరు కావలి నుంచి వెళ్ళేవారు కనుక, వీలైతే ఈ చలికాలంలో ఒక రోజు పులికాట్ చూసి, ఆ తరువాత ఐదో సింఫొనీ వినండి. ఐనోలా తోటలో మీకు హంసలు కనిపించకపోయినా ఆకాశం వైపు ఎందుకు చూడాలో తెలుస్తుంది.

ఇక వినవలసినవి. పాశ్చాత్య సంగీతం తెలియదని జంకవలసిన పని లేదు. కర్ణాటక సంగీతం నేర్చిన చెవికి సిబేలియస్ మిగిలినవారికన్నా దగ్గర. ఆయన రచనలలో అడుగున ఒక స్వరం చాలాసేపు కదలకుండా నిలిచి, దాని మీద మిగిలినవి నెమ్మదిగా పెరుగుతూ రావడం తరచుగా వినిపిస్తుంది. తంబూరా శ్రుతికి అలవాటుపడ్డ మనకు అక్కడ కాలు మోపడానికి నేల దొరుకుతుంది. మొదట టువొనెలా హంస అనే పది నిమిషాల లోపు రచనను వినండి. మృత్యులోకపు నల్లని నదిలో ఈదే హంసను గురించినది. అందులో పాడేది ఇంగ్లిష్ హార్న్ అనే వాద్యం. మన సన్నాయిలాగే ఊదేచోట రెల్లు పీక ఉంటుంది కనుక ఆ గొంతులోని జీర మీకు కొత్తగా ఉండదు.

తరువాత 1923 నాటి ఆరో సింఫొనీ. ఈ ఒక్కదాని కోసం నేను ప్రత్యేకంగా బతిమాలుతున్నాను. దాని స్వరక్రమాన్ని అక్కడివారు డోరియన్ అంటారు: షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. మీరు వెంటనే గుర్తుపట్టే ఉంటారు, అది మన ఇరవైరెండో మేళకర్త ఖరహరప్రియ. త్యాగరాజస్వామి ‘చక్కని రాజమార్గము’ కీర్తనలో విప్పి చూపిన మేళమే. అయితే ఒక హెచ్చరిక: అక్కడ గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఉండదు. గాంధారం ఊగదు, నిషాదం జారదు. కాబట్టి మొదటి నిమిషంలో ఇది ఖరహరప్రియ కాదే అని మీ మనసు మొరాయిస్తుంది. రాగం కోసం వెతకకుండా ఆ ఏడు స్వరాలూ అలంకారాలు తీసేసిన తెల్లటి గోడల్లా నిలబడి ఉన్నాయని అనుకుని వినండి. నేను ఖరహరప్రియ నేర్పడం మొదలుపెట్టినప్పుడల్లా ఇప్పుడు ఆ సింఫొనీ మొదటి మూడు నిమిషాలు పిల్లలకు వినిపిస్తున్నాను; గమకం పెట్టకముందు స్వరస్థానం ఎంత శుభ్రంగా ఉండాలో వారికి మాటలతో చెప్పనక్కరలేకుండా పోతోంది.

చివరగా ఐదో సింఫొనీ. హంసల పల్లవి ఉప్పొంగి పైకి వెళ్ళాక, అది మామూలుగా ముగియదు. వాద్యబృందమంతా కలిసి ఆరు దెబ్బలు కొడుతుంది. ఒక్కొక్క దెబ్బకూ మధ్య పూర్తి నిశ్శబ్దం. ముక్తాయింపులో జతుల మధ్య మృదంగ విద్వాంసుడు విడిచే ఖాళీని మనం ఎలా లెక్కపెట్టుకుంటామో అలా ఆ ఖాళీలను పట్టుకోండి. నీళ్ళ పైపు చప్పుడును కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి ఆ ఖాళీలను రాశాడని తెలిసి వింటే, దెబ్బలకన్నా ఖాళీలే పెద్దవిగా వినిపిస్తాయి.

ప్రయాణపు వివరాలు క్లుప్తంగా చెబుతాను. ఇల్లు మే నుంచి సెప్టెంబరు దాకానే తెరిచి ఉంటుంది. రోజులూ వేళలూ వారి వెబ్‌సైటులో మీ అబ్బాయి చేత చూపించుకోండి. హెల్సింకి నుంచి యార్వెన్‌పాకు లోకల్ రైళ్ళు తరచుగా ఉంటాయి, గంటలోపు చేరుకుంటారు. స్టేషను నుంచి ఐనోలాకు నడవవచ్చు గానీ, మీ వారి మోకాళ్ళ దృష్ట్యా టాక్సీ మాట్లాడుకోవడం మంచిది. నడకకు దాచుకున్న ఓపిక తోటలో పనికివస్తుంది. మనకు రోహిణి కార్తె ఎండలు మండే వేళ అక్కడ స్వెటరు అవసరమవుతుంది, దోమలు కూడా ఉంటాయి. జూన్‌లో పగలు పద్దెనిమిది గంటలకు పైగా ఉంటుంది కనుక చీకటి పడుతుందన్న తొందర లేదు. ఉదయం రైలెక్కే ముందు పులిహోర తిని బయలుదేరండి; అక్కడ చిన్న కాఫీ దుకాణం ఉంది గానీ మన భోజనం దొరకదు. ఓపిక మిగిలితే అదే సరస్సు ఒడ్డున పెక్కా హాలోనెన్ అనే చిత్రకారుడి ఇల్లు హాలోసెన్నియెమి కూడా చూడవచ్చు. ఆ రోజుల్లో ఆ ఒడ్డున రచయితలూ చిత్రకారులూ ఒకరికొకరు ఇరుగుపొరుగుగా ఉండేవారు. కానీ రెండు ఇళ్ళు చూడాలన్న ఆశతో ఐనోలాలో తొందరపడేటట్లయితే, ఒక్కదానితోనే సరిపెట్టుకోండి.

అక్కడి నుంచి తిరిగివచ్చేటప్పుడు నా మనసులో మెదిలిన ఒక విషయం కూడా రాస్తాను. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. వారి పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కంభం దగ్గరి కాకర్ల గ్రామమని చెబుతారు. వారు తంజావూరు సీమకు తరలిపోయారు, స్వామి 1767లో పుట్టి 1847లో తిరువైయ్యారులో సిద్ధి పొందారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్ము ధారపోసి ఆయన సమాధి మీద గుడి కట్టించారు కనుక ఈనాడు మనం కావేరి ఒడ్డున పంచరత్నాలు పాడుకుంటున్నాము. గురుశిష్య పరంపర పుణ్యమా అని పాటలు బతికాయి. కానీ ఆయన ఏ గోడకు ఆనుకుని తంబూరా మీటారు, ఏ కిటికీ వెలుతురులో కూర్చున్నారు అని చూపించే ఇల్లు ఆనాటి రూపంలో మనకు మిగలలేదు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఇల్లు మూగబోకుండా అందులో స్వరం పలుకుతూ ఉండాలన్న కోరిక మన పద్ధతి అనిపిస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. అయినా మన పల్లెల్లో, పట్నాల్లో ఎందరో వాగ్గేయకారుల, హరికథకుల, నాదస్వర విద్వాంసుల ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి అమ్మకానికి వచ్చినా, సామాను చెదరకముందే గదిగదినీ ఫొటోలు తీసి, ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఇంటి పెద్దలను అడిగి రాసి పెట్టండని నా శిష్యులకు చెబుతున్నాను. కావలిలో మీకు అలాంటి ఇల్లు తెలిస్తే మీరు కూడా ఆ పని చేయండి.

చివరి ప్రశ్న, కీర్తన పాడుకోవచ్చా అన్నది. ఇంటి లోపల పాడవద్దు. ఇతర సందర్శకులు ఉంటారు, పైగా ఆ గదుల స్వభావం మీకు ఇప్పటికే చెప్పాను. తోటలో సిబేలియస్, ఐనో దంపతుల సమాధి ఉంది. వారి అల్లుడు, వాస్తుశిల్పి ఔలిస్ బ్లోమ్‌స్టెట్ రూపొందించిన వెడల్పాటి కంచు పలక నేలకు సమంగా పరిచి ఉంటుంది. దాని మీద అక్షరాలు తప్ప అలంకారమేమీ లేదు. చుట్టూ చెట్లు. ఎవరూ లేనప్పుడు అక్కడ నిలబడి, పక్క మనిషికి మాత్రమే వినిపించేటంత గొంతుతో పాడుకుంటే తప్పు లేదని నా అభిప్రాయం. రెండోసారి వెళ్ళినప్పుడు నేను చెప్పులు విడిచి ఆ పలక పక్కన నిలబడి, ఖరహరప్రియలో కాసేపు రాగం తీసి, ‘చక్కని రాజమార్గము’ పల్లవి మూడు సంగతులు పాడుకున్నాను. మే నెల అయినా నేల చల్లగా ఉంది, పాదాలు తిమ్మిరెక్కాయి. అనుపల్లవి ఎత్తుకునేసరికి ఇంటి వైపు నుంచి కొందరు రావడం కనిపించి ఆపేశాను. మీరు ఉదయాన్నే, తలుపులు తెరిచిన వెంటనే ముందు తోటలోకి వెళ్ళండి; అప్పుడు చరణం దాకా పాడుకోవడానికి వీలుంటుంది.